బృంద శిక్షణలో ఫీడ్‌బ్యాక్ అభ్యాసాలు: ఏవి పనికొస్తాయి, ఎక్కడ తేడా కొడతాయి

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఏదైనా హోటల్ సమావేశ మందిరంలో ఉదయం పదింటికి మొదలయ్యే ఒకరోజు సిబ్బంది శిక్షణకు దాదాపు స్థిరపడిపోయిన క్రమం ఒకటి ఉంది. పరిచయాలు, ఒక ఆట, ఒక ప్రసంగం, భోజనం, మరో రెండు ఆటలు, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో. బయలుదేరే ముందు అందరి చేతికీ ఒక కాగితం వస్తుంది. శిక్షకుడు ఎలా చెప్పారు, భోజనం ఎలా ఉంది, హాలు సౌకర్యంగా ఉందా అన్న ప్రశ్నలకు అయిదు మార్కులకుగాను ఎన్ని వేస్తారో రాయమంటారు. ఫీడ్‌బ్యాక్, టీంవర్క్ అన్న బ్యానర్ కింద గడిచిన ఆ రోజంతటిలో ఒకరి పని గురించి మరొకరు సూటిగా అభిప్రాయం చెప్పే సందర్భం ఆ కాగితం ఒక్కటే. అదీ మర్నాడు ఊళ్లో ఉండని మనిషి గురించి. పక్క కుర్చీలో కూర్చుని రోజూ కలిసి పనిచేసేవారి పనిలో కనిపించిన లోపాన్ని వారి ఎదుటే మర్యాద తప్పకుండా చెప్పడం, చెప్పినప్పుడు తొణకకుండా వినడం అనే అసలు విద్య అభ్యాసానికి రాకుండానే ఆ రోజు ముగుస్తుంది.

ఈ విద్యను నేర్పే అభ్యాసాలు లేక కాదు. ఎనిమిది దశాబ్దాలుగా అవి రూపొందుతూ, పరీక్షకు నిలుస్తూ, కొన్ని వీగిపోతూ వచ్చాయి. అయితే వాటిలో అధికభాగం ఒకరికొకరు పెద్దగా పరిచయం లేనివారు కొన్నాళ్లు కలిసి ఉండి, ఆపై ఎవరి దారిన వారు వెళ్లిపోయే పరిస్థితుల్లో పుట్టినవి. ఉత్తర తెలంగాణలో బృందం అనదగిన చోట్లు, అంటే ఒక మహిళా సంఘమో, సహకార సొసైటీయో, బొగ్గు బాయిలోని ఒక షిఫ్టో, ప్రైవేటు కళాశాల సిబ్బందో చూస్తే, అందులోని మనుషులు తరచుగా ఒకే ఊరివారు, ఒకే వాడవారు, కొన్నిచోట్ల వియ్యంకులు కూడా. శిక్షణ గదిలో అన్న మాట సాయంత్రానికి ఇంటి గడప దాటుతుంది. కాబట్టి ఏ అభ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు, దేన్ని మార్చుకోవాలి, దేని జోలికి పోకూడదు అనేది విడివిడిగా తేల్చుకోవలసిన విషయం.

ఈ రంగానికి మూలమైన ఘటన 1946లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో జరిగింది. జాతి వివక్షకు వ్యతిరేకంగా పనిచేసే సామాజిక కార్యకర్తల కోసం మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ అక్కడ ఒక కార్యశాల నిర్వహించాడు. పగలు చర్చలు జరిగేవి. రాత్రి పరిశీలకులు కూర్చుని ఏ బృందంలో ఏం జరిగిందో, ఎవరు ఎలా ప్రవర్తించారో నిర్వాహకులకు నివేదించేవారు. ఒక రాత్రి ఆ సమావేశంలోకి శిక్షణార్థులు కొందరు వచ్చి కూర్చున్నారు. తమ ప్రవర్తన గురించి పరిశీలకులు చెబుతున్నది విని, అలా జరగలేదని అడ్డుచెప్పారు, తాము చూసింది వేరని వాదించారు. పగటి ఉపన్యాసాలు కదిలించలేనిదేదో ఆ వాదనలో కదిలిందని నిర్వాహకులు గుర్తించారు. మరుసటి ఏడాది, అంటే 1947లో, మెయిన్ రాష్ట్రంలోని బెథెల్‌లో దీన్నే ఒక పద్ధతిగా మలిచారు. దానికే టీ-గ్రూప్ (ట్రైనింగ్ గ్రూప్) అని పేరు వచ్చింది. లెవిన్ అప్పటికి కొన్ని నెలల ముందే మరణించాడు. ఈనాడు శిక్షణల్లో కనిపించే వలయాకార కూర్చోబెట్టడం, పరిశీలకుడిని నియమించడం, చివర్లో ఏం జరిగిందో అందరూ కలిసి చెప్పుకోవడం వంటివాటిలో చాలావాటి మూలం అక్కడే ఉంది. ఆ ఘటనలో గమనించదగినది మరొకటి ఉంది. అభిప్రాయం విన్నవారికి ఎదురు చెప్పే అవకాశం దొరికింది. అది లేకుంటే ఆ రాత్రి ఒక తీర్పు వినిపించినట్టు మాత్రమే అయ్యేది.

ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలు, మేలు జరుగుతుందనే నమ్మకానికి గట్టి దెబ్బ 1996లో తగిలింది. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలను, 23,663 పరిశీలనలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనితీరును మెరుగుపరిచిన మాట నిజమే గానీ, మూడో వంతుకు పైగా సందర్భాల్లో అది పనితీరును తగ్గించింది. దీనికి వారిచ్చిన వివరణ శిక్షణ రూపొందించేవారికి చాలా ఉపయోగపడుతుంది. విన్న మాట మనిషి దృష్టిని చేస్తున్న పని మీద నిలిపితే ఫలితం బాగుంటుంది. దృష్టి పని నుంచి జారి ‘నేనెలాంటివాడిని, నన్ను ఏమనుకుంటున్నారు’ అనే వైపు మళ్లితే ఫలితం క్షీణిస్తుంది. నిందే కాదు, పొగడ్త కూడా ఇలా మళ్లించగలదు. నలుగురిలో ఇజ్జత్ అనేది పెద్ద విషయంగా ఉన్న సమాజంలో ఈ జారుడు మరింత తొందరగా జరుగుతుందని వేరే చెప్పనక్కర్లేదు. అందువల్ల ఏ అభ్యాసాన్నైనా తూచడానికి మొదటి ప్రశ్న ఇది: ఇందులో మాట పని చుట్టూ తిరుగుతుందా, మనిషి చుట్టూ తిరుగుతుందా?

ఈ పరీక్షకు బాగా నిలిచేది వాక్యం కట్టే అభ్యాసం. సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ ప్రచారంలోకి తెచ్చిన మూడు మెట్ల పద్ధతి దీనికి ఆధారం: ఎప్పుడు ఎక్కడ జరిగింది, అప్పుడు ఏం చేయడం కనిపించింది, దానివల్ల ఏమైంది. వినడానికి సులువుగా ఉన్నా, అలవాటు లేని నోటికి ఇది కష్టమైన పని. మండల సమాఖ్య భవనంలో గ్రామైక్య సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, లెక్కలు రాసే వీవోఏలకు కలిపి శిక్షణ జరుగుతోందని ఊహిస్తే ఆ కష్టం అర్థమవుతుంది. ముగ్గురు ముగ్గురుగా కూర్చోబెడతారు. ఒకరు చెబుతారు, ఒకరు వింటారు, ఒకరు గమనిస్తారు. చెప్పవలసింది పుస్తకాలు ఆలస్యంగా రావడం గురించి. మొదటి ప్రయత్నంలో వచ్చే మాట ఇంచుమించు ఇలా ఉంటుంది: "నువ్వు ఎప్పటికి గిట్లనే చేస్తవ్ అక్కా, నీకు సంఘం అంటే లెక్క లేదు." గమనించే మహిళ చేయవలసిందల్లా ఇందులో కంటికి కనిపించినది ఎంత, మనసులో అనుకున్నది ఎంత అని వేరుచేసి చెప్పడం. ‘ఎప్పటికి’ అన్నది లెక్క కట్టినది కాదు. ‘లెక్క లేదు’ అన్నది ఎవరికీ కనిపించేది కాదు. మూడు నాలుగు ప్రయత్నాల తర్వాత మాట మారుతుంది: "పోయిన శుక్రవారం మీటింగుకు పుస్తకాలు గంట ఆలస్యంగ వచ్చినయ్ అక్కా. బ్యాంకు సార్ అప్పటికే వెళ్లిపోయిండు. సంతకాలు కాక నలుగురికి లోను ఆగింది."

ఇక్కడితో ఆపే శిక్షకులు ఎక్కువ. నిజానికి అభ్యాసం విలువ దీని తర్వాతి అరనిమిషంలో ఉంది. రెండో రకంగా చెప్పినప్పుడు వినే మహిళ తనను తాను కాపాడుకునే పనిలో పడకుండా జరిగిన విషయం చెప్పగలుగుతుంది: మీటింగు వేళ మార్చిన సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, ఆమె దగ్గర ఉన్నది బటన్ ఫోను. లోపం ఒక మనిషి నిర్లక్ష్యంలో లేదు, కబురు అందించే పద్ధతిలో ఉందని అప్పటికి తేలుతుంది. మొదటి రకం వాక్యంతో మొదలైన సంభాషణ ఎంతసేపు సాగినా ఈ సంగతి దాకా చేరదు. కాబట్టి వినేవారికి ‘మాట్లాడకుండా వినాలి’ అని కొన్ని శిక్షణల్లో పెట్టే నియమాన్ని సగమే పాటించడం మంచిది. చెప్పడం పూర్తయ్యేదాకా ఆగమనడం సబబే. ఆ తర్వాత తన వైపు విషయం చెప్పే వంతు ఆమెకు తప్పనిసరిగా ఉండాలి.

మాట రెండు వైపులా నడవడం వల్ల కలిగే తేడాను కళ్లకు కట్టించే అభ్యాసం ఇంకొకటి ఉంది. దాదాపు ప్రతి శిక్షకుడూ ఆడించే వీపు-వీపు బొమ్మ ఆట అది. ఇద్దరు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒకరు తన చేతిలోని బొమ్మను మాటల్లో వర్ణిస్తారు, రెండోవారు చూడకుండా గీస్తారు. దీని వెనక హెరాల్డ్ లీవిట్, రొనాల్డ్ మ్యూలర్ 1951లో ప్రచురించిన ప్రయోగం ఉందన్న సంగతి ఆడించేవారిలో చాలామందికి తెలియదు. వారు దీర్ఘచతురస్రాల అమరికలను వర్ణించమని చెప్పి, ఒకసారి ప్రశ్నలేవీ అడగనివ్వకుండా, మరోసారి స్వేచ్ఛగా అడగనిస్తూ పోల్చారు. ప్రశ్నలు లేనప్పుడు పని తొందరగా ముగిసింది, తప్పులు ఎక్కువ వచ్చాయి, గీసినవారికి తమ బొమ్మ మీద నమ్మకం తక్కువగా ఉంది, చెప్పినవారి మీద చిరాకు కూడా కలిగింది. ప్రశ్నలకు వీలున్నప్పుడు సమయం ఎక్కువ పట్టింది, బొమ్మ సరిగ్గా వచ్చింది. ‘చెప్పేశాను, అయిపోయింది’ అనుకునే అధికారికి తొందరగా పని అయిన తృప్తి ఎలా కలుగుతుందో, ఆ తృప్తికి మూల్యం ఎవరు చెల్లిస్తారో ఇంత చవకగా చూపించే ప్రయోగం మరొకటి లేదు.

వరంగల్ ప్రాంతపు కళాశాలల్లో ఈ ఆటను స్థానికమైన వస్తువుతో ఆడించవచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాల మీద గీతలు, చతురస్రాలు, మెట్లుమెట్లుగా సాగే ఆకృతులు ఎక్కువ. కొత్తవాడ మగ్గాల మీద నేసే అలాంటి ఒక నమూనాను గళ్ల కాగితం మీద గీసి ఇస్తే, వర్ణించేవారికి అంచు ఎక్కడ మొదలైంది, ఏ రంగు ఎన్ని గళ్లు వచ్చింది, ఎక్కడ తిరగబడింది అని ఖచ్చితంగా చెప్పక తప్పదు. ఇల్లు, చెట్టు, సూర్యుడు ఉన్న బొమ్మ అయితే గీసేవారు అలవాటుకొద్దీ ఊహించి గీసేస్తారు. జంపఖానా నమూనాలో ఊహకు చోటు తక్కువ. ఆట ముగిశాక రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన మొదటి గడి దగ్గర ఏ మాట వాడారో గుర్తు తెచ్చుకోమనాలి. అక్కడ పదిహేను నిమిషాలు గడపడం మరో రెండు ఆటలు ఆడించడం కన్నా మేలు.

పెద్దవారు గదిలో ఉన్నప్పుడు ఏ అభ్యాసమైనా వంకర తిరుగుతుంది. ప్రిన్సిపాల్ కూర్చున్న వలయంలో అధ్యాపకులు, డిపో మేనేజరు ఎదుట కండక్టర్లు, సొసైటీ అధ్యక్షుడి ముందు గుమాస్తాలు ఏం చెబుతారో ముందే తెలిసిన విషయం: సార్ బాగా చూసుకుంటారు, అంతా ఒక కుటుంబంలా ఉన్నాం. ఈ మాటలు అబద్ధమని అనలేం, సభామర్యాద అవి. ‘భయపడకుండా చెప్పండి’ అని పెద్దాయన అన్నంత మాత్రాన మర్యాద సడలదు, పైపెచ్చు అందరూ మరింత సర్దుకుని కూర్చుంటారు. ఇందుకు పనిచేసే ఉపాయం పెద్దవారు మొదట తామే అభిప్రాయం స్వీకరించడం, అదీ తమ పనిలోని చిన్న, నిర్దిష్టమైన అంశం మీద. ‘నా గురించి చెప్పండి’ అంటే ఎవరూ చెప్పరు. ‘సోమవారం ఉదయం నేను పెట్టే సమీక్షలో ఏ పది నిమిషాలు తీసేయొచ్చు?’ అని అడిగితే చెప్పడానికి ఎవరికీ సంకోచం ఉండదు, ఎందుకంటే జవాబు నిమిషాల గురించి, మనిషి గురించి కాదు. మరుసటి సోమవారం ఆ పది నిమిషాలు నిజంగానే తగ్గితే, తర్వాతి ప్రశ్నకు జవాబులు ఇంకొంచెం లోతుగా వస్తాయి. తగ్గకపోతే ఎన్ని కార్యశాలలు పెట్టినా వృథా.

పేరు లేకుండా చీటీలు రాయించడం చాలామంది నమ్మే మరో మార్గం. పన్నెండు మంది ఉన్న కార్యాలయంలో చేతిరాత ఎవరిదో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు గనుక ఆ రహస్యం ఉత్తుత్తిదే. రాయడం రానివారు కూడా ఉండే సంఘాల్లో చీటీ అసలే పనికిరాదు. అక్కడ గ్రామీణ భాగస్వామ్య సర్వేల్లో వాడే గింజల పద్ధతి మేలైనది. నేల మీద ముగ్గుపిండితో మూడు వృత్తాలు గీసి, ఇది కొనసాగాలి, ఇది తగ్గాలి, ఇది మొదలుపెట్టాలి అని నిర్ణయించుకుని, ఒక్కొక్క అంశం చదివినప్పుడల్లా తలా ఒక చింతగింజ ఏదో ఒక వృత్తంలో వేయిస్తారు. అందరూ ఒక్కసారిగా చేతులు చాపి వేస్తే ఎవరి గింజ ఎక్కడ పడిందో పట్టించుకునేవారు ఉండరు. గింజలు కుప్పపడిన చోటు గురించి మాట్లాడుకోవడం, ఒక మనిషి అన్న మాట గురించి మాట్లాడుకోవడం కన్నా అందరికీ తేలిక.

ఇక జోహారి కిటికీ సంగతి. జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ 1955లో రూపొందించిన ఈ నాలుగు గళ్ల చిత్రం, తనకు తెలిసినవీ తెలియనివీ, ఇతరులకు తెలిసినవీ తెలియనివీ అన్న విభజనతో, ప్రతి శిక్షణలోనూ తెర మీదికి వస్తుంది. చిత్రంగా చూపించడానికి బాగుంటుంది. దాన్ని అభ్యాసంగా చేసి, దాచుకున్న విషయాలు బయటపెట్టమని అడగడం మాత్రం ఒకే వాడవారు కూర్చున్న గదిలో చేయదగిన పని కాదు. టీ-గ్రూపుల నుంచి వచ్చిన, మనసు విప్పి చెప్పించే ఇతర అభ్యాసాలకూ ఇదే వర్తిస్తుంది.

బ్రూస్ టక్‌మన్ 1965లో ప్రతిపాదించిన దశలను, అంటే బృందం ఏర్పడడం, గొడవపడడం, కుదురుకోవడం, పని సాధించడం అనే క్రమాన్ని కూడా కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి. ఆయన పరిశీలించిన అధ్యయనాలు ఎక్కువగా చికిత్సా బృందాలు, శిక్షణ బృందాల మీద జరిగినవి. కొత్తగా చేరినవారి మధ్య విమర్శ అభ్యాసాలు పెట్టకూడదన్న ఒక్క హెచ్చరికను అందులోంచి తీసుకుంటే సరిపోతుంది.

విహారయాత్రను శిక్షణగా లెక్కగట్టే అలవాటు గురించి కూడా చెప్పుకోవాలి. లక్నవరం చెరువు వేలాడే వంతెన మీద ఫొటోలు దిగి, రామప్ప చూసి, తాడు లాగే పోటీ ఆడి వచ్చిన సిబ్బంది సంతోషంగా ఉంటారు. అది మంచిదే, ఏడాదికి ఒకసారి చేయవలసిందే. కానీ 2009లో కామెరాన్ క్లైన్, ఆయన సహచరులు టీం నిర్మాణ కార్యక్రమాల అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, లక్ష్యాలు నిర్ణయించుకోవడం, ఎవరి బాధ్యత ఏమిటో తేల్చుకోవడం అనే రెండు అంశాల ప్రభావం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. ఎవరి పని ఎక్కడ ముగుస్తుంది, తర్వాతివారి పని ఎక్కడ మొదలవుతుంది అని తేల్చుకునే బల్ల చుట్టూ ఫొటోలు దిగే ఉత్సాహం ఎవరికీ ఉండదు గనుక అలాంటి అభ్యాసం బడ్జెట్‌లో చోటు చేసుకోదు.

ప్రాణాల మీదికి వచ్చే పనుల్లో ఇలా బాధ్యతలు తేల్చుకోవడం శిక్షణ పేరు లేకుండానే జరుగుతుంటుంది. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు భూగర్భ గనుల్లో షిఫ్టు ముగించుకున్న సర్దార్, అంటే పనిని పర్యవేక్షించే వ్యక్తి, తర్వాతి షిఫ్టు సర్దార్‌కు పనిస్థలం ఎలా ఉందో, పైకప్పు ఎక్కడ అనుమానంగా ఉందో తెలియజేయాలి, పుస్తకంలో రాయాలి. గని ప్రమాదాల్లో దిగే రెస్క్యూ బృందాలు శ్వాస పరికరాలు తగిలించుకుని సాధన చేస్తాయి. రెస్క్యూ పోటీల్లో న్యాయనిర్ణేతలు ప్రతి అడుగుకూ మార్కులు వేస్తారు. అక్కడ ‘నువ్వు ఆ ముడి సరిగ్గా వేయలేదు’ అన్న మాటను ఎవరూ అవమానంగా తీసుకోరు. సాధన అసలు పనికి ఎంత దగ్గరగా ఉంటే విమర్శ అంత సులువుగా దిగుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

పని జరిగిన వెంటనే చేసే సమీక్ష ఈ కోవలోదే. అమెరికా సైన్యం 1970ల నుంచి తన శిక్షణ విన్యాసాల తర్వాత వాడుతున్న పద్ధతిలో ప్రశ్నలు నాలుగే: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, వచ్చేసారి ఏది ఉంచాలి, ఏది మార్చాలి. స్కాట్ టానెన్‌బామ్, క్రిస్టఫర్ సెరసోలి 2013లో ఇలాంటి సమీక్షల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, సరిగ్గా నిర్వహిస్తే పనితీరు సగటున దాదాపు 25 శాతం మెరుగవుతుందని తేల్చారు. ఖర్చు లేని, హాలు అక్కర్లేని అభ్యాసానికి ఇది తక్కువ ఫలితం కాదు. మేడారం జాతరలాంటి పనికి దీని అవసరం మరీ ఎక్కువ. రెండేళ్లకోసారి, మాఘమాసంలో నాలుగు రోజుల కోసం ఆర్టీసీ, పోలీసు, వైద్య, విద్యుత్, పంచాయతీరాజ్ శాఖల సిబ్బంది ఒక్క బృందంగా పనిచేయాలి. తాత్కాలిక బస్టాండ్ క్యూలో ఎక్కడ తొక్కిసలాట మొదలయ్యే సూచన కనిపించింది, జంపన్నవాగు దగ్గర ఏ మలుపులో అంబులెన్స్ ఆగిపోయింది వంటి విషయాలు ఆ చోట నిలబడిన కానిస్టేబులుకు, కండక్టరుకు తెలుస్తాయి. మళ్లీ జాతర వచ్చేనాటికి వారిలో చాలామందికి బదిలీ అయి ఉంటుంది. చివరి రోజు అలసిపోయి ఉన్నా సరే, తిరుగు బస్సులు ఎక్కకముందే ఒక్కో పాయింటు దగ్గర అరగంట నిలబడి ఈ నాలుగు ప్రశ్నలు అడిగి రాసుకోకపోతే ఆ జ్ఞానం వారితోనే వెళ్లిపోతుంది. కలెక్టరేట్‌లో నెల తర్వాత జరిగే సమీక్షకు వచ్చేది అధికారులే గనుక అక్కడ ఇది దొరకదు.

ఇలాంటి సమీక్షలు మొదలుపెట్టిన కార్యాలయాల్లో కొన్నాళ్లకు పై అధికారులను కలవరపెట్టే పరిణామం ఒకటి వస్తుంది: తప్పుల సంఖ్య పెరిగినట్టు కనిపిస్తుంది. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదు కావడం చూసి మొదట ఆశ్చర్యపోయింది. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం వల్ల కాదు, చెప్పుకోవడానికి భయం లేకపోవడం వల్ల సంఖ్య పెరిగిందని ఆమె వివరించింది. బృందాల విషయంలో 1999లో ఆమె వివరించిన మానసిక భద్రత, అంటే తప్పు చెప్పుకున్నా అవమానం ఎదురుకాదనే నమ్మకం, అనే భావనకు ఇది పునాది అయింది. అభ్యాసం పెట్టిన మూడో నెలలో ఫిర్యాదుల పట్టిక పొడవైందని దాన్ని ఆపేసే అధికారి, సరిగ్గా ఫలితం మొదలైన చోటే గొంతు నొక్కినట్టవుతుంది.

శిక్షణ ఎవరు ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ ప్రాంతం దగ్గర ఒక అనుభవం ఉంది. వరంగల్‌లోని ఓరుగల్లు మహిళా సమాఖ్య జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ కింద జాతీయ వనరుల సంస్థగా గుర్తింపు పొందింది. సంఘాల్లో పొదుపు చేసి, అప్పు తీసుకుని, తీర్చి, పుస్తకాలు రాసిన మహిళలే ఇతర రాష్ట్రాల గ్రామాలకు వెళ్లి అక్కడివారికి సంఘం నడపడం నేర్పారు. పని చేసి వచ్చిన మనిషి ‘ఈ పుస్తకంలో ఈ పద్దు తప్పు’ అంటే వినేవారికి నొప్పి తక్కువ; హైదరాబాద్ నుంచి ప్రొజెక్టరుతో వచ్చినవారు అదే మాట అంటే ఎక్కువ. కళాశాలల్లో, కంపెనీల్లో కూడా ఇద్దరు ముగ్గురు ఉద్యోగులకు ఈ అభ్యాసాలు నడపడం నేర్పి, నెలవారీ సమావేశంలో మొదటి ఇరవై నిమిషాలు వారికి అప్పగించడం ఏడాదికోసారి జరిగే కార్యశాల కన్నా చవక. ఒక్క షరతు మాత్రం ముందే పెట్టుకోవాలి: తీర్మానాల పుస్తకంలో తీసుకున్న నిర్ణయం, దాని బాధ్యులు, గడువు మాత్రమే ఎక్కాలి; ఎవరు ఎవరిని ఏమన్నారన్నది ఎక్కకూడదు. ఒక్కసారి అది కాగితం మీదికి ఎక్కి, పదోన్నతుల సమయంలో బయటికి తీశారంటే, ఆ తర్వాత ఆ ఇరవై నిమిషాల్లో వినిపించేది సభామర్యాద ఒక్కటే.